మారుతి 800 (1996 మోడల్): సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అంటుకోవట్లేదు

కోనసీమ_కుర్రాడు
నాన్నగారి 96 మోడల్ మారుతి 800, కార్బరేటర్ బండి. అమలాపురంలో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంటుంది, వారానికి ఒకటి రెండుసార్లు తీస్తాం. రెండు వారాలు ముసురు పట్టి తీయలేదు. వాన తగ్గాక కీ తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది గానీ ఇంజన్ అంటుకోవట్లేదు. చోక్ లాగి చూశా, లాగకుండా చూశా, అదే కథ. మెకానిక్ మూడుసార్లు వచ్చాడు. మొదటిరోజు ప్లగ్గులు మూడూ మార్చాడు, రెండోరోజు బ్యాటరీ, మూడోరోజు ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుల్లో స్పార్క్‌కి కరెంటిచ్చేది). ఏడు వేలు దాటింది. ఇప్పుడు కార్బరేటర్ విప్పాలంటున్నాడు. ట్యాంకులో సగం పెట్రోలుంది. స్పార్క్ వస్తోందని మెకానిక్ నా ముందే చూపించాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని నాన్న నిన్న రాత్రి భోంచేస్తూ "అమ్మేద్దాంలే" అన్నారు. నాకదే టెన్షన్. ఏమై ఉంటుంది?

బెజవాడ_రైడర్
బ్యాటరీ.

కోనసీమ_కుర్రాడు
బ్యాటరీ కొత్తదన్నా. పైన రాశాను.

బెజవాడ_రైడర్
కొత్తదైనా షాపులో ఆరునెలలు మూల పడుంటే అంతే. మీటర్ పెట్టి చూడు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 ఉంటే ఫుల్లు, 12.4 అయితే పర్లేదు, 12కి దిగితే చార్జింగ్‌కి పంపు.

టెక్సాస్_తెలుగోడు
బండి కంప్యూటర్‌కి ఓబీడీ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ ఏముందో చూడండి. ఇక్కడ ఏ ఆటోపార్ట్స్ షాపుకెళ్లినా ఫ్రీగా చూసిపెడతారు.

పద్మిని_1978
స్కానర్ పెట్టాలంటే ముందు కంప్యూటర్ ఉండాలి కదండీ. కార్బరేటర్ 800లో ఉన్న అతి పెద్ద ఎలక్ట్రానిక్స్ టేప్ రికార్డరే.

టెక్సాస్_తెలుగోడు
సరే సరే. నేను దేశం దాటి చాలా కాలమైంది 😀

కరీంనగర్_శీనన్న
నా అనుమానం పెట్రోలు మీద. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇ20, అంటే నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్. మన పాత బండ్ల రబ్బరు పైపులు, ఏసీ పంపు (అదే, పెట్రోలు పంపు) లోపలి డయాఫ్రం, కార్బరేటర్ గ్యాస్కెట్లు దానికోసం చేసినవి కావు. పైగా ఇథనాల్ నీళ్లను పట్టుకుంటది. నీళ్లు ఎక్కువైతే ఆ రెండూ కలిసి ట్యాంకు అడుక్కు దిగుతయి, పైప్ పీల్చేది అడుగు నుంచే. నా జెన్‌కి పైపులు పిండిలా అయినయి, మొత్తం మార్పించిన.

చెయ్యాల్సిన పని చిన్నది. ఏసీ పంపు నుంచి కార్బరేటర్‌కి పోయే పైప్ ఊడదీసి గాజు సీసాలో కొంచెం పెట్రోలు పట్టు. అరగంట కదపకుండా ఉంచు. కింద వేరే పొర కనబడితే ట్యాంకు దించుడే. ఇంజన్ చల్లగున్నప్పుడే చెయ్యి, చుట్టుపక్కల బీడీ తాగేటోళ్లు లేకుండా చూసుకో.

పద్మిని_1978
శీనన్నా, పైపుల సంగతి ఒప్పుకుంటా. కానీ రెండు వారాల ముసురుకి గాల్లో తేమతోనే పెట్రోలు పొరలుగా విడిపోదు. ట్యాంకు మూత దగ్గర నీళ్లు కారి లోపలికి దిగితే తప్ప.

కరీంనగర్_శీనన్న
అది ముప్పై ఏండ్ల బండి అన్నా. మూత రబ్బరు ఉన్నదో లేదో ఎవరికెరుక. చూస్తే పోయేదేముంది.

మల్లెతీగ
షెడ్డులో రెండు వారాలు కదలకుండా ఉందంటున్నారు కదా, బానెట్ ఎత్తి ఎలుకలేమైనా కొరికాయేమో చూశారా? మా ఆయన బండికి వైర్లు కొరికేశాయి. వారం రోజులు మెకానిక్ కార్బరేటర్ మీద పడి ఏడ్చాడు. చివరికి చూస్తే కాయిల్‌కి వెళ్లే వైరు సగం తెగి ఉంది. అప్పట్నుంచి మా ఇంట్లో పొగాకు కాడలు బానెట్ కింద కడతాం. పని చేస్తుందో లేదో తెలీదు, వాసన మాత్రం ఏసీలోంచి వస్తుంది.

కొత్త_డ్రైవర్
క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేశారా? మా ఐ10 అలా చేస్తేనే అవుతుంది.

బెజవాడ_రైడర్
సెల్ఫ్ తిరుగుతోందిరా బాబూ. క్లచ్ స్విచ్ గొడవైతే అసలు సెల్ఫే తిరగదు.

పద్మిని_1978
కుర్రాడు గారూ, "గిర్రున" అన్నారు. మామూలుగా తిరిగినట్టే తిరుగుతోందా, ఎప్పటికన్నా తేలిగ్గా స్పీడుగా తిరుగుతోందా? టైమింగ్ బెల్ట్ తెగితే వాల్వులు ఆడవు, కంప్రెషన్ ఉండదు, సెల్ఫ్ బరువు లేకుండా తిరిగిపోతుంది. విని పోల్చుకోవచ్చు, "ఉఁహ్ ఉఁహ్" అనే దమ్ము వినపడదు. 800లో డెల్కోని (స్పార్క్‌ని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్) తిప్పేది ఆ బెల్ట్‌తో తిరిగే క్యామ్ షాఫ్టే కాబట్టి పరీక్ష సులభం. డెల్కో మూత తీసి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. లోపల రోటర్ తిరిగితే బెల్ట్ ఉన్నట్టే.

కోనసీమ_కుర్రాడు
అందరికీ థాంక్స్. పొద్దున్నుంచి ఇదే పని. బ్యాటరీ 12.5 ఉంది. సీసాలో పెట్రోలు గంటసేపు పెట్టినా ఒకటే పొర, కింద రెండు మూడు తుప్పు రజనులు తప్ప ఏమీ లేదు. ఎలుకల వైర్ల కోత లేదు గానీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన కొబ్బరి పీచుతో చక్కటి గూడు దొరికింది, ఓనరు లేడు. డెల్కో మూత తీస్తే రోటర్ బాగానే తిరుగుతోంది, దమ్ము కూడా మామూలుగానే ఉంది. మూత లోపల కొంచెం చెమ్మ అనిపించి పొడిబట్టతో తుడిచి పెట్టా. తేడా లేదు.

అంబాసిడర్_మనవడు
మూత తుడవడం అంటే మా తాతయ్య గుర్తొచ్చారు. వానాకాలం పొద్దున్నే అంబాసిడర్ మొండికేస్తే డెల్కో మూత ఊడదీసుకుని వంటింట్లోకి వచ్చేవారు. నాయనమ్మ పొయ్యి గట్టు మీద, కాఫీ గిన్నె పక్కన, అది కాసేపు వెచ్చబడేది. తర్వాత ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ దూర్చి తిప్పడం. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకూడదు, వెనక్కి తన్నితే వేలు విరుగుతుందని ప్రతిసారీ చెప్పేవారు. ఒకసారి ఆయన వేలే విరిగింది.

కోనసీమ_కుర్రాడు
😂 మాదానికి హ్యాండిల్ లేదు గానీ తోసేవాళ్లున్నారు. నిన్న సాయంత్రం వీధి కుర్రాళ్లు నలుగురు తోస్తే రెండో గేర్‌లో క్లచ్ వదలగానే టక్కున అంటుకుంది. గుడి దాకా వెళ్లొచ్చాం, ఎక్కడా మిస్సింగ్ లేదు, పికప్ కూడా బ్రహ్మాండం. ఇంటికొచ్చి ఆపాక మళ్లీ సెల్ఫ్‌కి లేవలేదు.

పద్మిని_1978
ఏంటీ???

బెజవాడ_రైడర్
ఈ ముక్క ముందే చెప్పాలి కదయ్యా!

కరీంనగర్_శీనన్న
నేను పెట్రోలు గురించి అంత పెద్దగ రాస్తి. తోస్తే ఒక్కపాలి అంటుకునే బండికి పెట్రోలు రోగమేంది. నా పోస్టు వాపస్ తీసుకుంటున్న. ఇ20 మీద కోపం మాత్రం వాపస్ లేదు.

డెల్కో_బాబాయ్
రాజమండ్రిలో 34 ఏళ్లు ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మొదటినుంచీ చదువుతున్నాను. తోస్తే అంటుకుంటుంది, సెల్ఫ్ కొడితే అంటుకోదు అన్న ఈ ఒక్క మాటతో ప్లగ్గులు, కార్బరేటర్, ఏసీ పంపు, బెల్టు అన్నీ పక్కకి పోయాయి. గుడి దాకా మిస్సింగ్ లేకుండా పోయి వచ్చిన ఇంజన్‌కి ఆ జబ్బులేవీ లేవు. మీ పాత కాయిల్ కూడా బహుశా మంచిదే అబ్బాయ్, పారెయ్యలేదు కదా?

ఇంజన్ని ఎవరు తిప్పారన్నది ఇంజన్‌కి తెలీదు. సెల్ఫ్ మోటార్ తిప్పినా ఒకటే, రోడ్డు తిప్పినా ఒకటే. తేడా ఎక్కడుందంటే కీ ఏ స్థానంలో ఉందన్న దగ్గర. తోసేటప్పుడు కీ ఆన్‌లో ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకో మెట్టు ముందుకి, స్టార్ట్‌లో ఉంటుంది. ఆ రెండు మెట్లలోనూ కాయిల్‌కి కరెంటు వెళ్లాలి. స్టార్ట్ మెట్టులో రేడియో, వైపర్ లాంటివి ఆగిపోయినా పర్లేదు, కాయిల్ కరెంటు మాత్రం ఆగకూడదు. మీ బండిలో అది ఆగుతోందని నా అనుమానం. అంటే సెల్ఫ్ తిరిగినంతసేపూ స్పార్క్ ఉండదు, కీ వదిలి స్పార్క్ వచ్చేసరికి సెల్ఫ్ ఆగిపోతుంది. మొగుడు ఇంట్లో ఉన్నప్పుడు పెళ్లాం బజార్లో, పెళ్లాం ఇంటికొచ్చేసరికి మొగుడు బజార్లో.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఒకటి, సెల్ఫ్ కొట్టి కొట్టి విసుగొచ్చి కీ వదిలేస్తారు చూడండి, సరిగ్గా ఆ వదిలే క్షణంలో ఇంజన్ ఒక్క దగ్గు దగ్గుతుందా? రెండు, మెకానిక్ స్పార్క్ చూపించాడన్నారు. ఎలా చూపించాడు? ప్లగ్ విప్పి ఇంజన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టాడా, లేక ఇంకోలాగా?

కోనసీమ_కుర్రాడు
బాబాయ్ గారూ, మీరు మా షెడ్డులో కెమెరా పెట్టారా! కీ వదలగానే "ఖళ్" అంటుంది, పదిసార్లకి ఆరేడుసార్లు. ఒకసారైతే రెండు క్షణాలు ఆడి ఆగిపోయింది కూడా. నేనది చివరి ఊపిరి అనుకున్నా.

స్పార్క్ విషయం. కీ ఆన్‌లో పెట్టి డెల్కో మూత తీసి, లోపల పాయింట్లని (కాయిల్ కరెంటుని కలిపి తెంచేవి) స్క్రూడ్రైవర్‌తో విడదీశాడు. కాయిల్ వైరు చివర నీలంగా టక్ టక్ మని వచ్చింది. సెల్ఫ్ కొట్టలేదు.

డెల్కో_బాబాయ్
అదీ సంగతి. పాపం ఆయన అబద్ధం చెప్పలేదు, ఆన్‌లో స్పార్క్ ఉంది. అడగాల్సిన చోట అడగలేదంతే. స్పార్క్ ఎప్పుడూ సెల్ఫ్ తిరుగుతుండగా చూడాలి. ఇలా చూడకే నేను కూడా 1991లో ఒక జీపుకి రెండు కాయిళ్లు అమ్మాను. ఆ డబ్బులు తిరిగిచ్చేశాను, ఆ కస్టమర్ ఇప్పటికీ ఫోన్ చేస్తాడు.

బెజవాడ_రైడర్
ఒక్క నిమిషం బాబాయ్. కీ వదలగానే దగ్గడం బ్యాటరీ లైన్ వీక్‌గా ఉన్నా వస్తుంది కదా? సెల్ఫ్ మోటార్ కరెంటంతా లాగేస్తే వోల్టేజ్ పడిపోయి కాయిల్‌కి చాలదు, కీ వదలగానే వోల్టేజ్ లేస్తుంది, అప్పుడు దగ్గుతుంది. ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా అంతే. నేను మొదటి పోస్టులోనే అన్నా 😎

డెల్కో_బాబాయ్
నిజమే, ఆ దారి కూడా ఉంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే నేను ముందు నీ మాటే అనేవాణ్ణి. ఇతనిది గిర్రున తిరుగుతోంది కాబట్టి కీ స్విచ్ వైపు మొగ్గాను. మీటర్ ఉంది కాబట్టి మనం వాదించుకోవడం దేనికి.

అబ్బాయ్, మీటర్ డీసీ 20 మీద పెట్టు. ఎర్ర వైరు కాయిల్ ప్లస్ మీద, నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వెయ్యి, ఫ్యాన్ బెల్టుకి వైర్లు, లుంగీ అంచులు దూరం. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, నువ్వు మీటర్ చూడాలి. తర్వాత అదే పరీక్ష బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర పదికి కాస్త అటూఇటూ ఉండి కాయిల్ దగ్గర కూడా దాదాపు అంతే ఉంటే నేను తప్పు. రెండు చోట్లా తొమ్మిదిన్నర కన్నా కిందకి పడితే రైడర్ గెలిచాడు. బ్యాటరీ దగ్గర ఉండి కాయిల్ దగ్గర లేకపోతే నేను గెలిచాను.

అంబాసిడర్_మనవడు
పందెం ఎంత?

బెజవాడ_రైడర్
ఒక కోటయ్య కాజా డబ్బా.

మల్లెతీగ
తాపేశ్వరం పక్కనే పెట్టుకుని పందెం ఎవరికి ఎవరు పంపాలి. రాజమండ్రి వాళ్లకి కాజాలా, ఏదైనా వేరేది పెట్టండి.

టెక్సాస్_తెలుగోడు
నాకు ఇక్కడికి పంపినా పర్లేదు. నేను రిఫరీ.

కొత్త_డ్రైవర్
ఒక డౌట్. దీనికి ఉల్టా జబ్బు కూడా ఉంటుందా? మా మావయ్య పాత వ్యాన్ సెల్ఫ్ కొడుతున్నంతసేపు అంటుకుంటుంది, కీ వదలగానే ఆగిపోతుంది.

డెల్కో_బాబాయ్
మంచి ప్రశ్న. ఉంటుంది. కొన్ని పాత బండ్లలో కాయిల్‌కి ముందు బల్లాస్ట్ రెసిస్టర్ అని ఒకటుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు దాన్ని తప్పించి కాయిల్‌కి నేరుగా కరెంటిస్తారు, కీ వదిలాక దాని గుండా వెళ్తుంది. అది కాలిపోతే మీ మావయ్య వ్యాన్ లాగే చేస్తుంది. లేదా కీ స్విచ్‌లో ఆన్ మెట్టు అరిగి ఉంటుంది. పెట్రోలు బండే కదా? డీజిల్ అయితే ఈ కథంతా వర్తించదు.

కొత్త_డ్రైవర్
డీజిల్.

పద్మిని_1978
😂😂

కోనసీమ_కుర్రాడు
రిజల్ట్. చెల్లి సెల్ఫ్ కొట్టింది, నేను మీటర్ పట్టుకున్నా, నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారు.
కీ ఆన్, కాయిల్ ప్లస్ దగ్గర: 12.1
సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర: 10.4
సెల్ఫ్ తిరుగుతుండగా కాయిల్ ప్లస్ దగ్గర: 0.6
నమ్మలేక మూడుసార్లు చూశా. కీ వదలగానే మళ్లీ 12కి ఎగురుతోంది, అదే క్షణంలో దగ్గు.

బెజవాడ_రైడర్
కాజాలు నావే పోయాయి. అడ్రస్ మెసేజ్ పెట్టండి బాబాయ్.

డెల్కో_బాబాయ్
చివరి రుజువు ఇంకొకటి చేసి స్విచ్ కొను. బ్యాటరీ ప్లస్ నుంచి మధ్యలో ఫ్యూజు ఉన్న ఒక వైరు తెచ్చి కాయిల్ ప్లస్‌కి తగిలించి సెల్ఫ్ కొట్టు. అంటుకోవాలి. జాగ్రత్త ఏంటంటే ఆ వైరు ఉన్నంతసేపు కీ తీసినా ఇంజన్ ఆగదు, వైరు పీకితేనే ఆగుతుంది. ఇంజన్ ఆడకుండా వైరు అలా వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది, పాయింట్లూ మాడతాయి. పరీక్ష అవ్వగానే పీకెయ్యాలి.

వైజాగ్_వైరింగ్
స్విచ్ కొనడం దేనికండీ, ఇంకా చవక దారుంది. సెల్ఫ్ మోటార్ సోలినాయిడ్‌కి (మోటార్‌ని ఆన్ చేసే స్విచ్) వెళ్లే సన్న వైరుంటుంది కదా, స్టార్ట్ మెట్టులోనే దానికి కరెంటొస్తుంది. అక్కణ్ణుంచి కాయిల్ ప్లస్‌కి ఒక వైరు కలిపితే సరి. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా కాయిల్‌కి కూడా కరెంటు. ఇరవై రూపాయల పని.

డెల్కో_బాబాయ్
అలా నేరుగా కలపకండి. కీ వదిలి ఆన్‌లోకి వచ్చాక కాయిల్ ప్లస్‌లో కరెంటు ఉంటుంది కదా, అది మీరు వేసిన వైరు మీదుగా వెనక్కి సోలినాయిడ్‌కి వెళ్తుంది. ఇంజన్ ఆడుతుంటే సెల్ఫ్ పట్టుకునే ఉంటుంది. బెండిక్స్ (సెల్ఫ్ మోటార్ గేరు) పళ్లు, ఇంజన్ ఫ్లైవీల్ పళ్లు రెండూ పోతాయి. అలా చేసుకొచ్చిన ఆటో ఒకటి నా షాపు ముందు పొగలు కక్కింది. చెయ్యాలంటే మధ్యలో రిలే పెట్టాలి, లేదా కరెంటు ఒకవైపే వెళ్లేలా డయోడ్.

వైజాగ్_వైరింగ్
అవును, రిలే అనే రాద్దామనుకున్నా.

పద్మిని_1978
అనుకున్నారు లెండి.

కోనసీమ_కుర్రాడు
వైరు తగిలించి కొడితే మొదటి తిప్పుకే లేచింది!! చోక్ కూడా సగమే లాగా. నాన్న కుర్చీలోంచి లేచారు. రెండు నిమిషాలు ఆడించి వైరు పీకేశా.

తర్వాత స్టీరింగ్ కింద కవర్ విప్పా. కీ లాక్ వెనకాల ఉండే కాంటాక్ట్ సెట్ విడిగా వస్తుంది మాదాంట్లో. తెరిచి చూస్తే ఒక రాగి రేకు నల్లగా మాడి చివర అరిగిపోయి ఉంది. ఆన్ మెట్టు దాకా తాకుతుంది, స్టార్ట్ మెట్టుకి వచ్చేసరికి పైకి లేచిపోతోంది. కాకినాడలో పాత స్పేర్ పార్టుల షాపులో కొత్తది దొరికింది, నాలుగొందల యాభై. ఇంటికొచ్చి బిగించా. పొద్దున్నుంచి పాతికసార్లు స్టార్ట్ చేసి ఉంటాం. అందులో ఇరవై నాన్నే.

మల్లెతీగ
ఆయన అమ్మేస్తానన్నది ఏమైంది?

కోనసీమ_కుర్రాడు
"ఎవరన్నారు?" అంటున్నారు.

కరీంనగర్_శీనన్న
కీ చైన్ ఎంత బరువుంటది? ఇంటి తాళాలన్నీ దానికే తగిలిస్తే స్విచ్ మీద బరువు పడి అరుగుతదంటరు.

కోనసీమ_కుర్రాడు
బీరువా తాళాలు, గేటు తాళం, రైస్‌మిల్లులో పని చేసినప్పటి తాళం (మిల్లు మూతపడి పన్నెండేళ్లు), ఒక ఇత్తడి గంట. చేతిలో పట్టుకుంటే కాటా రాయిలా ఉంటుంది.

డెల్కో_బాబాయ్
గుత్తి బరువుకి ముందు అరిగేది కీ దూరే గొట్టం. వెనకాల రాగి రేకు మాడటానికి ముప్పై ఏళ్ల సెల్ఫ్ దెబ్బలే చాలు. అయినా ఆ గంట తీసెయ్యి.

పద్మిని_1978
ఏడువేల లెక్క మెకానిక్‌ని అడుగుతారా?

కోనసీమ_కుర్రాడు
ప్లగ్గులు ఎలాగూ మార్చే టైమే. బ్యాటరీ పాతది నాలుగేళ్లది, సరేననుకున్నా. కాయిల్ ఒక్కటే అనవసరం. మీటర్ రీడింగులు చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, కాయిల్ డబ్బులు తనే తీసి ఇచ్చాడు. పాతది మళ్లీ బిగించాం, బాగానే ఉంది. పోతూ పోతూ ఆ పాత రాగి రేకు అడిగి జేబులో వేసుకెళ్లాడు, కుర్రాళ్లకి చూపిస్తాడట.

డెల్కో_బాబాయ్
మంచి మనిషి. వదులుకోవద్దు.

కోనసీమ_కుర్రాడు
ఒక చిన్న సమస్య. కవర్ బిగించాక హారన్ మోగట్లేదు.

బెజవాడ_రైడర్
బ్యాటరీ.